దొడ్డి వాకిట్లో పల్లేరు

బూదవ్వ వయసు పదకొండేళ్లు. సాయంత్రం మేత నుంచి తిరిగొచ్చాక, దొడ్డి వాకిట్లో ఉన్న రాతికి నాలుగు గిట్టలూ ఒక్కొక్కటే తట్టి మట్టి రాల్చుకుంటే గాని లోపలికి అడుగు పెట్టేది కాదు.

మేకల్లో పదకొండేళ్లంటే పండు ముసలితనం. ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. కడుపున పద్దెనిమిది మంది పుట్టారు. వాళ్లలో సంతకు పోయినవాళ్లెందరు, కత్తికి పోయినవాళ్లెందరు అని ఎవరైనా అడిగితే నెమరు వేస్తూ ఊరుకునేది. ఆ మందలో ఆడవాళ్లంతా ఆమెను అవ్వ అనేవారు. మగవాళ్లు ముసల్ది అనేవారు.

ఆ దొడ్డి రేగడి చేల నడుమ ఒక మిట్ట మీద ఉంది. చుట్టూ రేగుకంప దట్టంగా నాటారు. వాకిలికి వెదురు తడక. తడక అడుగున చెదలు తినేసి, సరిగ్గా ఒక నక్క దూరేంత సందు పడింది. ఆ సందుకు ముందు పది పన్నెండు అడుగుల మేర పల్లేరు అల్లుకుని ఉండేది. చింతాకులాంటి చిన్న ఆకు, నేలను కరుచుకుని పాకే తీగ, అయిదు రేకుల పసుపుపచ్చ పువ్వు. పువ్వు రాలాక కాయ. ఆ కాయకు నాలుగు వైపులా ముళ్లు. ఎలా పడేసినా ఒక ముల్లు పైకే చూస్తుంది.

ఆ పల్లేరును ఎవరూ నాటలేదు. తడిసిన రేగడి కాలికి చెప్పులా అంటుకుంటుంది. చేలల్లో రాలిన పల్లేరు కాయలు ఆ మట్టిలో ఇరుక్కుని గిట్టలతోపాటు దొడ్డికి వచ్చేవి. బూదవ్వ రాతికి గిట్ట తట్టినప్పుడల్లా నాలుగు కాయలు వాకిట్లో రాలేవి. ఆమెను చూసి మిగతా ఆడమేకలూ, గొర్రెలూ అలాగే తట్టడం నేర్చుకున్నాయి. పొట్టేళ్లు, మేకపోతులు మట్టి కాళ్లతోనే లోపలికి పోయేవి. ఊడ్చుకునే పని లేనివాళ్లకు మట్టితో ఏం బాధ?

నక్కకు ఆ వాకిలి సంగతి బాగా తెలుసు. కిందటేడు ఒకసారి సందులో దూరబోయి, నాలుగు అరికాళ్లూ పల్లేరుకు అప్పజెప్పి, ఇరవై రోజులు కుంటింది. గిట్ట ఉన్నవాళ్లను పల్లేరు పెద్దగా బాధించదు. మెత్తటి అరికాలు ఉన్నవాళ్లను నడవనివ్వదు.

అయితే నక్క ఎందుకు రావడం లేదని మందకు పెద్ద అయిన పొట్టేలును అడిగితే కొమ్ములు ఊపి చూపించేది. కోడిపుంజును అడిగితే మెడ సాచి కూసి చూపించేది. బూదవ్వను ఎవరూ అడగలేదు.

ఆ ఏడు చలి రాలేదు.

పుష్యం పూసగుచ్చ పొద్దుండదంటారు. ఆ పుష్యంలో మధ్యాహ్నాలు ఫాల్గుణంలా కాశాయి. మాఘంలో మాకులు వణుకుతాయంటారు. వణకడానికి మాకులకు కారణమే దొరకలేదు. వానాకాలం పోతూ పోతూ తలుపు వేయడం మరిచినట్టు, పది రోజులకోసారి మబ్బు పట్టి ముసురు కురిసేది. నేల తడి ఆరకపోవడంతో, ఎప్పుడో రావలసినవన్నీ ముందే వచ్చేశాయి. శనగచేల గట్ల మీద తుమ్మి తెల్లగా విరగబూసింది. దొగ్గలికూర బలిసింది. గంగవాయిలి కాలు పెట్టడానికి చోటు లేకుండా పరుచుకుంది. బాట పక్కన గడ్డిచేమంతి, దానికి అవతల గునుగు. దూరంగా బోడిగా ఉండవలసిన మోదుగ కొమ్మ మీద అప్పుడే ఎర్రటి మొగ్గలు.

బూదవ్వ మనవరాలు చుక్కి అప్పుడే తొలి కాన్పు కని, ఆకలి మీద ఉంది. ఆడపిల్ల తెల్లది, మగపిల్ల నల్లది. ఇద్దరికీ పాలు చాలాలి కదా.

"పూసిన కొమ్మ ముట్టకే," అంది బూదవ్వ.

"అదే తియ్యగా ఉందవ్వా."

"తియ్యగా ఉందనే చెబుతున్నా. కొస గిల్లు, మొదలు వదులు. నాలుగు మొక్కలకు ఒకటి విత్తనానికి ఉంచు. ఈ కూరని ఎవడూ చల్లలేదు, ఎవడూ నీళ్లు కట్టలేదు. మనం వదిలిందే మళ్లీ మనకు మొలుస్తుంది."

"మనం వదిలితే పొట్టేలు మామ వచ్చి వేర్లతో సహా లాగేస్తాడు."

"వాడు లాగేస్తాడని నువ్వూ లాగేస్తే, వచ్చే ఏడు ఇద్దరూ కలిసి మట్టి నాకండి."

చుక్కి నవ్వి, తుమ్మి కొసలు రెండు గిల్లి పక్కకు జరిగింది.

చలి లేని ఏడు పూలకు మంచిదైంది, మందకు మంచిది కాలేదు. చలికి చావవలసిన ఈగలు చావలేదు. దొడ్డిలో తడి ఆరలేదు. గొర్రెలకు దగ్గు పట్టుకుంది. వారం తేడాలో రెండు గొర్రెలకు నెల తప్పిన కడుపులు నిలవలేదు. మందలో అందరికీ భయం పుట్టింది. భయం పుట్టిన చోటికి నక్క రావడానికి పిలుపు అక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం మంద వాకిలి బయట నెమరు వేస్తుండగా, కాపరి కుక్కకు వాసన తగలని గాలివాటు చూసుకుని, నక్క గట్టు మీద వచ్చి కూర్చుంది. ముందుకాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుంది.

"దండాలు పెద్దయ్యా. నేను దగ్గరికి రాను. నా హద్దు నాకు తెలుసు."

"ఆ, అక్కడే ఉండి చెప్పు," అంది పొట్టేలు. నక్కతో అలా అనగలిగినందుకు దాని ఛాతీ కాస్త పొంగింది.

"చెప్పడానికేముంది. మీ మందలో రెండు కడుపులు పోయాయట కదా. వినగానే నా కడుపు తరుక్కుపోయింది."

"నీ కడుపు బాధ నిన్నా ఇవాళ్టిదా?" అంది బూదవ్వ నెమరు ఆపకుండా.

రెండు గొర్రెలు కిసుక్కుమన్నాయి. నక్క ఆమె వైపు చూడలేదు.

"పెద్దయ్యా, నేను నాలుగు ఊళ్లు తిరిగేవాణ్ణి. చూసిందే చెబుతా. చలికాలంలో చలి లేదు. పుష్యంలో పూలు. వేళ కాని వేళ పూసిన పువ్వు మంచికి పూయదు. సరే, చేలో ఏది పూస్తే మనకెందుకు? కానీ మీ వాకిట్లో పూసిందేమిటి? పల్లేరు! మనుషులు ఒకరినొకరు సర్వనాశనం కోరి తిట్టుకునేటప్పుడు ఏమంటారు? నీ ఇంట పల్లేరు మొలవ, అంటారు. మీకు ఆ తిట్టు ఎవరూ తిట్టకుండానే తగిలింది."

రేగుకంప మీద ఉన్న పుంజు ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుంది. "అవును పెద్దయ్యా! ఆ తిట్టు నేను ఈ చెవులతో విన్నా!"

"పాడుబడ్డ ఇంట్లో పల్లేరు మొలుస్తుంది," అంది బూదవ్వ. "పల్లేరు మొలిచిందని ఏ ఇల్లూ పాడుబడలేదు. ముందేది, వెనకేది చూసుకుని మాట్లాడండి."

నక్క నిట్టూర్చింది. "పెద్దావిడ, ఆమెను నేనేమీ అనను. ఒక్కటి మాత్రం అడుగుతా పెద్దయ్యా. ఆ పల్లేరు వాకిట్లోకి నడిచి వచ్చిందా? రోజూ సాయంత్రం ఈ ఆడవాళ్లు ఆ రాతి దగ్గర కాళ్లు తట్టడం దూరం నుంచి చూస్తూనే ఉన్నా. ఎక్కడెక్కడి దరిద్రాన్నో కాళ్లకు పూసుకొచ్చి, మీ గడపలో దులుపుతుంటే, మీరు సింహంలా ఉండి ఏం లాభం?"

ఇంకేముంది, పొట్టేలుకు అంతా తెలిసిపోయింది. దగ్గు ఎందుకొచ్చిందో తెలిసింది. కడుపులు ఎందుకు పోయాయో తెలిసింది. చలి ఎందుకు రాలేదో కూడా తెలిసింది. ఆడదాని కాలు మంచిది కాదనే ఒక్క మాటతో తేలని చిక్కు లోకంలో ఉందా?

"అందుకా!" అంది పొట్టేలు.

బూదవ్వ లేచి నిలబడింది. "కాస్త ఆగు. కిందటేడు ఈ నక్కే ఇదే వాకిట్లో కుంటుకుంటూ పారిపోయింది. నేను చూశాను. మన గిట్టకు గుచ్చుకోని ముల్లు దాని అరికాలికి గుచ్చుకుంటుంది. మనం మేతకు పోయినప్పుడు పిల్లలకు అదే కాపలా. దాన్ని పీకమని చెబుతున్నది ఎవరో చూడండి."

"అంటే నక్క నీ కలుపుమొక్కకు భయపడిందా?" పొట్టేలు కళ్లు ఎర్రబడ్డాయి. "మరి నా కొమ్ములు దేనికి?"

"అవి నీ తల మీద ఉంటాయి. నువ్వు మాతోపాటు మేతకు వస్తావు. మధ్యాహ్నం వాకిట్లో ఉండేది పల్లేరే."

"పెద్దయ్యా," అంది నక్క గొంతు తగ్గించి, "నిజం ఒప్పుకోవడానికి సిగ్గెందుకు? నన్ను ఆపింది మీ కొమ్ములే. ఇప్పటికీ కలలోకొస్తాయి."

ఆ మాటతో పంచాయితీ ముగిసింది. అయినా పద్ధతి కోసం పొట్టేలు ముసలెద్దు వైపు తిరిగింది. దున్నే వయసు దాటాక ఆ ఎద్దును దొడ్డి పక్కన గుంజకు కట్టేశారు. అది రోజంతా అక్కడే ఉంటుంది, అన్నీ చూస్తుంది. మందలో దానికున్నంత ఓపిక ఎవరికీ లేదు.

"నువ్వేమంటావు ఎద్దన్నా?"

ఎద్దు ఒకసారి వాకిలి వైపు చూసింది, ఒకసారి నక్క అరికాళ్ల వైపు చూసింది. "చూద్దాం," అంది. ఎద్దు దేనికైనా అంతే అంటుంది.

"మూడు రోజుల్లో వాకిట్లో పల్లేరు ఆకు కనపడకూడదు," అని తీర్పు చెప్పింది పొట్టేలు. "తెచ్చినవాళ్లే తీసెయ్యాలి."

తీర్పు మగవాళ్లది, నడుంనొప్పి ఆడవాళ్లది. మూడు రోజులు మేకలూ గొర్రెలూ మేత నుంచి వచ్చి, కాళ్లు మడిచి, ఆ తీగలను వేళ్ల దాకా కొరికాయి. పిందె పట్టబోతున్న పసుపు పూలు పళ్ల మధ్య నలిగాయి. మట్టిలో కూరుకున్న పాత కాయలను కోడిపెట్టలు గీకి గీకి పెంటకుప్పలోకి తోశాయి. వాటి కాళ్లు నెత్తురు కారాయి. పుంజు కంప మీద కూర్చుని ఎక్కడ మిగిలిందో చూపించింది. "అదిగో, రాతి పక్కన! కళ్లు కనపడట్లేదా?"

బూదవ్వ కూడా కొరికింది. తన పళ్లతో తన కాపలానే కొరుక్కుంది. మూడో రోజు సాయంత్రానికి వాకిలి అద్దంలా తయారైంది. ఒక్క ఆకు లేదు, ఒక్క ముల్లు లేదు.

"ఇప్పుడు చూడు, ఎంత కళగా ఉందో," అంది పొట్టేలు.

నాలుగో రోజు మధ్యాహ్నం నక్క వచ్చింది.

కాపరి, కుక్క, మంద అందరూ వాగు అవతల ఉన్నారు. దొడ్డిలో చుక్కి పిల్లలిద్దరే ఉన్నారు. తెల్లపిల్లకు తడక సందులోంచి బయటకు చూడటం సరదా. పుట్టి ఇరవై రోజులు కూడా కాలేదు. సందులోంచి వచ్చిన ముక్కును చూసి, కొత్త చుట్టమనుకుని, తానూ ముక్కు చాపింది.

ఎద్దు అన్నీ చూసింది. కట్టుతాడు తెగేలా లాగింది. మెడ ఒరుసుకుపోయింది. తాడు పొడవెంతో నక్క ముందే చూసుకుంది. అది అందే మేర పక్కనుంచి, పిల్లను నోట కరుచుకుని, తాపీగా నడిచి వెళ్లిపోయింది. అది గట్టు దిగాక పుంజు కూసింది.

ఆ సాయంత్రం చుక్కి దొడ్డిలోకి వచ్చి పిలిచింది. నల్లపిల్ల వచ్చి ఒక చన్ను పట్టుకుంది. రెండో చన్ను నిండుగా ఉండిపోయింది. కాసేపటికి అందులోంచి పాలు వాటంతటవే చుక్కచుక్కగా నేల మీద కారాయి. చుక్కి తడక దగ్గరికి వెళ్లి మట్టిని వాసన చూసింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వెళ్లింది.

"జరిగిందేదో జరిగింది," అంది పొట్టేలు. "పోయింది ఆడపిల్లే కదా. మగబిడ్డ దక్కాడు, సంతోషించు."

చుక్కి దాని ముఖంలోకి చూసింది. మళ్లీ తడక దగ్గరికి వెళ్లింది.

"నేను కూశాను," అంది పుంజు ఎవరూ అడగకముందే.

"అరిష్టం పూర్తిగా వదల్లేదు," అని పొట్టేలు తల పంకించింది. "ఆ కాళ్లు తట్టే రాతిని కూడా తీసేయించాలేమో."

తన మాట విని పిల్ల పోయిందన్న ఆలోచన దానికి రాలేదు. తన మాట పూర్తిగా వినలేదు కాబట్టే పిల్ల పోయిందన్న ఆలోచన వచ్చింది. పొట్టేలు కొండను ఢీకొంటే పొట్టేలు తలే పగులుతుందంటారు. ఈ మందలో మాత్రం పగిలిన తలలన్నీ వేరేవాళ్లవి.

చీకటి పడకముందే బూదవ్వ ఎద్దు దగ్గరికి వెళ్లింది. దాని మెడ మీద తాడు ఒరుసుకున్న చోట ఈగలు ముసురుతున్నాయి.

"తాడు అందలేదు బూదక్కా," అంది ఎద్దు. "రెండు మూరలు తక్కువైంది."

"తాడు సంగతి నేనడగలేదన్నా. ఆ రోజు పంచాయితీలో నీ నోటికి ఏ తాడు కట్టారు?"

ఎద్దు తల దించుకుంది.

"నక్క అరికాళ్ల వైపు చూశావు. నేను గమనించాను. నీకు తెలుసు."

"తెలుసు."

"ఓపిక మంచిదే. నీ వీపు మీద పడే దెబ్బకు ఓర్చుకో, నిన్ను మెచ్చుకుంటా. ఇంకొకరి పిల్ల పోతుంటే ఓర్చుకోవడానికి నువ్వెవరు?"

"ఇప్పుడేం చేయమంటావక్కా?" అంది ఎద్దు.

"మాఘ అమావాస్య లోపల ఈ దొడ్డిలో ఎనిమిది మంది ఈనాలి. ఎనిమిది మంది పిల్లలూ మధ్యాహ్నం ఒంటరిగానే ఉంటారు. ఆ నక్క రుచి మరిగింది, మళ్లీ వస్తుంది. మా పని మేం చేస్తాం. నీ తాడు ఎంతవరకు అందుతుందో, ఆ మేరలో నీ పని నువ్వు చెయ్యి."

మర్నాడు మేతలో బూదవ్వ శనగచేల గట్లు వదిలేసి, తూర్పు బీడు వైపు నడిచింది. ఆ బీడులో రెండేళ్లుగా నాగలి పడలేదు. నేలంతా పల్లేరే. వాకిట్లోది మేకల పళ్ల కింద ఎప్పటికప్పుడు నలుగుతూ ఆలస్యంగా పూసింది. బీడులోదాన్ని ఆపేవాళ్లు లేరు. చలి లేని ఏడు కదా, కార్తీకంలోనే పూసి, పుష్యానికల్లా కాయలు ముదిరి, కొయ్యలా గట్టిపడి ఉన్నాయి. పైన మొన్నటి ముసురుకు నానిన మట్టి.

చుక్కి గట్టు మీదే ఆగిపోయింది. "అవ్వా, గిట్టల సందున మెత్తగా ఉంటుంది. అక్కడ గుచ్చుకుంటుంది."

"గుచ్చుకుంటుంది," అంది బూదవ్వ. "పద."

చుక్కి దిగింది. ఆమె వెనక నిండు కడుపులతో ఎనిమిది మందీ దిగారు. బీడు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి, మళ్లీ వెనక్కి ఒకసారి. సాయంత్రం దొడ్డికి వచ్చేసరికి ఒక్కొక్కరి గిట్టకు దోసెడు మట్టి. రాతి దగ్గర ఆగి, ఒక్కొక్క కాలే తట్టి, లోపలికి వెళ్లారు.

"ఇంకా ఆ అలవాటు మానలేదా?" అంది పొట్టేలు.

"మట్టితో లోపలికొస్తే మీ పడక పాడవుతుంది మామా," అంది చుక్కి.

పొట్టేలు ఆ జవాబుకు తృప్తిపడింది.

ఏడు రోజులు అలాగే నడిచారు. రాలిన మట్టి పగలు ఎండకు పొడిపొడి అయ్యేది, గాలికి లేచిపోయేది. కాయలు మిగిలేవి. రేగడి మీద ఎండిన పల్లేరు కాయను నిలబడి చూసినా పోల్చుకోలేం. వాకిట్లో ఒక్క ఆకు లేదు, ఒక్క పువ్వు లేదు. తీర్పుకు ఎక్కడా లోటు రాలేదు. ఒకనాడు పొట్టేలు గిట్ట సందులో కాయ ఇరుక్కుని గావుకేక పెట్టింది. చుక్కి వచ్చి పళ్లతో తీసి పారేసింది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని పొట్టేలు అడగలేదు. తన కాలు నొప్పి తగ్గడమే దానికి కావలసింది.

ఆడవాళ్ల కాళ్లు మాత్రం వాచాయి. బూదవ్వ కుడి ముందుకాలు ఎక్కువగా వాచింది. ఏడో రోజుకు ఆ కాలు నేల మీద ఆనించలేకపోయింది.

ఆ సాయంత్రం ఆమె పుంజును దగ్గరికి పిలిచింది.

"నాయనా, నీకొక్కడికే చెబుతున్నా. ఎవరితో అనకు. నా కాలు పనికి రాదు. రేపు మేతకు పోలేను, దొడ్డిలోనే పడి ఉంటా. మంద, కుక్క వాగు అవతలికి పోతాయి. నల్లపిల్లకు కాపలా ఈ కుంటిదాన్ని నేనొక్కదాన్నే. నాకు భయంగా ఉంది."

"నా నోటి నుంచి బయటకు రాదవ్వా," అంది పుంజు.

తెల్లవారుజామునే కంప మీదికెక్కి, నాలుగు చేలకు వినపడేలా ముసల్దాని కాలు సంగతంతా కూసింది.

మధ్యాహ్నం నక్క వచ్చింది. గట్టు మీద నిలబడి చూసింది. వాకిలి నున్నగా, బోసిగా ఉంది. ఎద్దు కళ్లు మూసుకుని నెమరు వేస్తోంది. తడక వెనక ముసలిమేక మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. దాని పొట్ట కింద నల్లపిల్ల.

"ఏమమ్మా అవ్వా," అంది నక్క, "ఈ మందకు నువ్వా కాపలా? పెద్దయ్య కొమ్ములేవి?"

"మేతకు పోయాయి," అంది బూదవ్వ. "రా. నేనే ఉన్నా."

ఆమె గొంతు వణికింది. అది నటన కాదు. పిల్ల ఆమె కాళ్ల మధ్య దడదడలాడుతోంది. లెక్క తప్పితే ఈ పూటతో చుక్కి రెండు చన్నులూ నిండుగానే ఉండిపోతాయని ఆమెకు తెలుసు.

తాను దగ్గరుండి పీకించిన వాకిలి. జాగ్రత్త దేనికి? నక్క గట్టు మీంచి ఒక్క ఊపున పరిగెత్తుకొచ్చింది.

నాలుగు అంగల దాకా వేగమే దాన్ని మోసింది. అయిదో అంగకు నాలుగు అరికాళ్లలోనూ ముళ్లే. కెవ్వుమని ఎగిరింది. ఎగిరినది మళ్లీ ముళ్ల మీదే దిగింది. కూర్చుని నోటితో కాలు పట్టుకుంటే నాలుకలో దిగింది. లేచి, వచ్చిన దారి మరిచి, మెత్తటి నేల ఎటు కనపడితే అటు, పక్కకు ఒక్క దూకు దూకింది.

పక్కనున్నది గుంజ. గుంజకు కట్టిన తాడు మేర.

ఎద్దు కళ్లు తెరిచింది. హడావిడి పడలేదు. ఒక అడుగు ముందుకు వేసి, నక్క తోక మొదట్లో గిట్ట మోపి, తన బరువంతా దాని మీద పెట్టి నిలబడింది.

"బావా!" నక్క మూలిగింది. "నువ్వు శాంతమూర్తివి. జన్మలో ఎవరికీ అపకారం చెయ్యనివాడివి. నీకూ నాకూ పగ లేదు. కాలు తియ్యి బావా."

"చూద్దాం," అంది ఎద్దు.

పుంజు ఈసారి ముందే కూసింది. కూత ఆపలేదు. వాగు అవతల కుక్క చెవులు నిక్కాయి.

నక్క వాకిలి వైపు తల తిప్పి చూసింది. అంత నొప్పిలోనూ దానికి అర్థం కానిది ఒక్కటే. "ఒక్క ఆకు లేకుండా పీకించాను కదా! ఎక్కడి నుంచి వచ్చాయి?"

"కాళ్లతో వచ్చాయి," అంది బూదవ్వ తడక వెనక నుంచి. "నువ్వే చెప్పావు కదా పంచాయితీలో."

కుక్క వచ్చేదాకా ఎద్దు కాలు తీయలేదు. కుక్క తన పని ముగించాక నక్కకు ఇక పరుగెత్తే పని మిగల్లేదు.

సాయంత్రం పొట్టేలు వచ్చి, జరిగింది విని, మూడుసార్లు వాకిలి చుట్టూ తిరిగింది. "చూశారా," అంది, "నేను చెప్పినట్టు పల్లేరు తీసెయ్యగానే అరిష్టం విరగడైంది." ఎవరూ నవ్వలేదు. ఎవరూ తల కూడా ఊపలేదు. ఈసారి ఎద్దు నోరు విప్పింది. "పీకించింది నువ్వు. పిల్ల పోయింది. మళ్లీ తెచ్చింది వాళ్లు. పిల్ల దక్కింది. చెప్పవలసినప్పుడు నేను చెప్పలేదు. ఆ తప్పు నాది." ఇంత పొడుగు మాట ఎద్దు నోట ఎవరూ వినలేదు. పొట్టేలు ఇంకేదో అనబోయి, అటు చూసింది, ఇటు చూసింది, నీళ్లు తాగడానికి వెళ్లింది.

అమావాస్య లోపల ఎనిమిది మందీ ఈనారు. చుక్కి తెల్లపిల్ల తిరిగి రాలేదు. చుక్కి నిండిన చన్నును, తల్లి పాలు చాలని ఒక గొర్రెపిల్లకు ఇచ్చింది. తొలకరికి వాకిలంతా మళ్లీ పచ్చబడింది. చింతాకులాంటి ఆకు, అయిదు రేకుల పసుపు పువ్వు. ఈసారి ఎవరూ దాన్ని అరిష్టం అనలేదు. మేకపోతులు కూడా రాతి దగ్గర ఆగి కాళ్లు తట్టుకోవడం మొదలుపెట్టాయి, ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయినా.

వాకిట్లో ముల్లు ఎందుకుందో తెలియకపోతే, పీకే ముందు ఆ వాకిలి ఊడ్చేదాన్ని అడగాలి.

బూదవ్వ కుడికాలు మళ్లీ బాగుపడలేదు. ఆమె ఇంకా రెండేళ్లు బతికింది. ఆ రెండేళ్లలో పొట్టేలు పిలిచిన పంచాయితీకి ఒక్కదానికీ వెళ్లలేదు.